మిగిలిన ఆటలు

చదువుకున్నవాళ్లలో, అందులోనూ అభ్యుదయ భావాలున్నవాళ్లలో, ఫుట్‌బాల్ అభిమాని అంటే ఒక చిన్నచూపు వుంది. ఎక్కడో పదకొండుమంది బంతి తంతే వీడికేమిటి అంటారు. అసలు సమస్యలు మరిపించటానికి పాలకవర్గాలు పాడే జోలపాట అంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. కాని ఈ మాట అనేవాళ్లలో చాలామంది అభిమానిని చూసేది గోలు పడ్డప్పుడే. అప్పుడు వాడు కేకలు వేస్తాడు, చొక్కా విప్పి తిప్పుతాడు, ముక్కూ మొహం తెలియని పక్కవాణ్ణి వాటేసుకుంటాడు. ఆ స్థితిలో చూస్తే ఎవడైనా వెర్రివాడల్లేనే కనిపిస్తాడు. అభిమానిని చూడవలసింది అప్పుడు కాదు. సీజను చివర, ఇంకా నాలుగో అయిదో ఆటలు మిగిలివున్నప్పుడు, వాడు కాగితం ముక్కమీద లెక్కలు వేసుకునేటప్పుడు చూడాలి. అప్పుడు వాడు చేసేది ఆలోచన. అది ఎలాంటి ఆలోచనో, దాన్ని వాడి చేతిలోనుంచి ఎవరు లాక్కుంటున్నారో చెప్పటానికే ఈ వ్యాసం.

ముందు లెక్క సంగతి. నెగ్గితే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి, ఓడితే సున్న. పూర్వం నెగ్గినా రెండే యిచ్చేవారు. ఇంగ్లండులో 1981లో దాన్ని మూడు చేశారు. 1994 ప్రపంచ కప్పులో కూడా అదే పద్ధతి అమలయింది. తరవాత దాదాపు లోకమంతటా అదే నిలిచింది. రెండు జట్లూ చెరొక పాయింటుతో సరిపెట్టుకుని ఇంటికి పోకుండా గెలుపు కోసం తెగించాలనేది దాని వుద్దేశం. ఈ మార్పువల్ల అభిమానికి ఒక మేలు జరిగింది. ఒక్క గెలుపు మూడు సమానాలతో సరితూగటంవల్ల వెనకబడ్డ జట్టు కూడా చివరి రోజుల్లో గబగబా పైకి పాకగలదు. లెక్కలో ఆశకు చోటు పెరిగింది.

అయితే ఆ ఆశ పట్టపగ్గాలు లేనిది కాదు. మనకు ఎన్ని ఆటలున్నాయి, ఎదటివాళ్లకు ఎన్ని వున్నాయి, ఎవరితో ఎవరు ఆడాలి, పాయింట్లు సమానమైతే ఏ నియమం ప్రకారం తేలుస్తారు, ఇవన్నీ చూసుకోవాలి. ఎవరి కాలు బెణికిందో, ఎవరు సొంత మైదానంలో ఆడుతున్నారో కూడా చూసుకోవాలి. ఇన్ని చూసిన తరవాత మిగిలేదే ఆశ. మిగలకపోతే లేదు. మన రాజకీయ చర్చల్లో ఇంత నిక్కచ్చిగా తమ బలాన్నీ ఎదటివాడి బలాన్నీ అంచనా కట్టేవాళ్లు ఎంతమంది వున్నారు?

నేను పాఠం చెప్పే పెదబయలు తూర్పు కనుమల్లో, పాడేరునుంచి ముంచంగిపుట్టు వెళ్లే దారిలో వుంది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ 4నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇక్కడి పిల్లలు ఎక్కువగా ఆడేది వాలీబాలు, కబడ్డీ, క్రికెట్టు. ఫుట్‌బాల్‌కు చదునైన నేల బోలెడు కావాలి. కొండవాలులో దొరికే కాస్త చదును పొలానికే చాలదు. అందుకని మా పిల్లలు వరి కోసిన మడిలో, మోడు కాళ్లకు గుచ్చుకుంటూవుంటే ఆడతారు. బంతి గట్టు దాటిందంటే వాగులోనే. ఆట ఆడేది తక్కువే అయినా ఆట గురించి మాట్లాడుకోవటానికి చదును నేల అక్కర్లేదు. దానికి ఒక అరుగూ, సిగ్నలు తగిలే ఒక ఫోనూ చాలు.

దేశంలోని పెద్ద లీగు ముగింపుకు వచ్చేది మామూలుగా మార్చి నెలలో. ఇక్కడ అది కాఫీ తోటలు తెల్లగా పూసే కాలం, పదో తరగతి పరీక్షల కాలం కూడాను. చదవవలసిన పిల్లలు లెక్కలు వేస్తారు, అయితే ఆ లెక్కలు పుస్తకంలోవి కావు. నేను కోప్పడబోతే మా లెక్కల మాస్టారు అడ్డం వచ్చారు. "పోనీండి సార్. అసమీకరణాలు నేను నెల్లాళ్లు చెప్పినా ఎక్కలేదు. ఇప్పుడు వాళ్లంతట వాళ్లే చేస్తన్నారు," అన్నారు.

ఆ లెక్కల్లో రకాలున్నాయి. పిల్లలు ఎప్పుడూ "మనం అన్నీ నెగ్గితే" అని మొదలుపెడతారు. లెక్కల మాస్టారు ఎదటివాళ్లు ఎన్ని ఓడాలో దగ్గర మొదలుపెడతారు. ఇద్దరినీ మించిన విమర్శకుడు మా వంటాయన. ఆయన ఏ ఆటా పూర్తిగా చూడడు. కాని ఒకసారి మా మాటలు విని, "మిగిలిన ఆటలు కాదు మాస్టారూ, మిగిలిన మనుషుల్ని లెక్కెట్టండి. ఎన్ను పాలు పోసుకున్నాక సేనుని సూసి పంట సెప్తాం గాని, ఇత్తనం జల్లిన రోజున సెప్తామేటి?" అన్నాడు. చోడి చేను గట్టుమీద నిలబడి ఎన్ని కుంచాలు వస్తాయో చెప్పగలిగిన మనిషి ఆయన. ఆ అంచనాలో కోరికను కలిపితే ఏడాదంతా పస్తులుండవలసివస్తుంది. అందుకని ఆయన కలపడు.

2022 మార్చిలో ఈ అరుగుమీద జరిగిన లెక్క హైదరాబాదు జట్టు గురించి. రాష్ట్రం 2014లో రెండయింది. హైదరాబాదు మా రాష్ట్రంలో లేదు. భువనేశ్వరమూ హైదరాబాదూ మాకు రెండూ దూరమే. అయినా పిల్లలు దాన్ని "మన జట్టు" అన్నారు. మన భాష వినిపించే వూరి పేరు పెట్టుకున్న జట్టు అదొక్కటే కావటం అందుకు కారణం. ఆ ఏడు కరోనా మూలాన మ్యాచులన్నీ గోవాలోనే, ఖాళీ స్టాండుల ముందు జరుగుతూ వచ్చాయి. ఇరవై ఆటల్లో హైదరాబాదుకు 38 పాయింట్లు వచ్చాయి. పట్టికలో రెండో స్థానం. జంషెడ్‌పూర్ 43తో మొదట నిలిచింది. మా వంటాయన మనుషుల్ని లెక్కపెట్టి, గోల్సు కొట్టేవాడు ఒకడు వున్నాడు కనక పరవాలేదన్నాడు. నైజీరియానుంచి వచ్చిన ఓగ్‌బెచె ఆ సీజనులో 18 గోల్సు కొట్టాడు. మార్చి 20న ఫైనలు. కేరళ జట్టు ముందు గోలు వేసింది. ఇక అయిపోయిందనుకున్న సమయంలో, 88వ నిమిషంలో, సాహిల్ తవోరా సమానం చేశాడు. పెనాల్టీల్లో గోలుకీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపాడు. హైదరాబాదు 3-1తో గెలిచింది. ఆటగాళ్లెవరూ మాకు చుట్టాలు కారు. అయినా లెక్క ఫలించింది. కష్టపడి వేసిన లెక్క ఫలిస్తే కలిగే సంతోషం అదృష్టం కలిసివచ్చినప్పటి సంతోషంలాంటిది కాదు.

ఆ తరవాతి ఏడు కూడా 42 పాయింట్లతో రెండో స్థానం. ఆ తరవాత పతనం. 2023-24లో జీతాలు అందక ఆటగాళ్లు ఒకరొకరే వెళ్లిపోయారు. మిగిలిన కుర్రవాళ్లు ఆడారు. 22 ఆటల్లో ఒక్క గెలుపు, అయిదు సమానాలు, పదహారు ఓటములు. 8 పాయింట్లు. పట్టికలో అట్టడుగు. మాస్టారు చూసేది పాయింట్లు, వంటాయన చూసేది మనుషులు. ఆ ఏడు రెండు లెక్కలూ ఒకే మాట చెప్పాయి.

అప్పుడు ఒక కుర్రవాడు నన్ను అడిగాడు: "కిందనుంటే కింద లీగుకి దింపేస్తారా సార్?"

దింపరు. ఇంగ్లండులోనూ, జర్మనీలోనూ, ఇటలీలోనూ అట్టడుగు జట్లు కింది తరగతికి దిగిపోతాయి. అందుకే అక్కడ సీజను చివర అట్టడుగున జరిగే పోరాటం పైన జరిగేదానికంటే తీవ్రంగా వుంటుంది. మన లీగులో పైకి రావటానికి దారి 2023లో తెరిచారు గాని, కిందికి దింపటం ఆ ఏడు అమలు కాలేదు. పైకి వచ్చే దారి కూడా ఇరుకే. హైదరాబాదులోనే ఆడే మరో జట్టు, శ్రీనిధి డెక్కన్, 2022-23లోనూ 2023-24లోనూ రెండో శ్రేణి లీగులో రెండో స్థానంలో ఆగిపోయింది. పైకి వెళ్లేది ఒక్కటే.

దిగే భయం లేకపోతే మంచిదే కదా అనిపించవచ్చు. కాని మా కుర్రవాడికి నిరాశ కలిగింది. దిగిపోవటం కూడా మైదానంలో తేలే ఒక తీర్పు. ఏం చేసినా దిగేది లేనప్పుడు మిగిలిన ఆటలకు అర్థమేమిటి? వాటి లెక్క ఎవరికి కావాలి?

1918లో ఇటలీలో గ్రాంసీ ఫుట్‌బాల్‌నూ అక్కడి ఒక పేకాటనూ పోల్చి ఒక చిన్న వ్యాసం రాశాడు. ఫుట్‌బాల్ ఆరుబయట అందరి కళ్లముందూ జరుగుతుంది, నియమాలు అందరికీ తెలిసినవి, బలాబలాలు బయటపడతాయి. పేకాట మూసిన గదిలో, అనుమానాలమధ్య, సైగలతో నడుస్తుంది. ఆయన దృష్టిలో ఇవి రెండు సమాజ స్వభావాలకు గుర్తులు. ఈనాటి ఫుట్‌బాల్‌ను చూస్తే ఆయన తన వ్యాసానికి ఒక పేరా కలపవలసివచ్చేదని నా వుద్దేశం. ఈనాడు రెండు ఆటలూ ఒకే ఆటలో కలిసివున్నాయి. బంతి ఆరుబయట ఆడతారు. జట్టు గతిని మూసిన గదిలో తేలుస్తారు.

ఆరుబయట తేలిన లెక్క గదిలోకి పోవటానికి 2024-25లో రెండో శ్రేణి లీగు మంచి వుదాహరణ. ఏప్రిల్‌లో ఆటలన్నీ అయిపోయేసరికి గోవాకు చెందిన చర్చిల్ బ్రదర్స్‌కు 40 పాయింట్లు, వారణాసికి చెందిన ఇంటర్ కాశీకి 39. ఒక్క పాయింటు తేడా. కాని ఒక మ్యాచిలో ఎదటి జట్టు అర్హత లేని ఆటగాణ్ణి దింపిందని ఇంటర్ కాశీ ఫిర్యాదు చేసివుంది. ఆ వివాదం కమిటీలూ అప్పీళ్లూ దాటి స్విట్జర్లాండులోని క్రీడా న్యాయస్థానందాకా వెళ్లింది. జులైలో అక్కడ తీర్పు చెప్పి ఇంటర్ కాశీని విజేతను చేశారు. తీర్పు న్యాయమైనదే కావచ్చు. నియమం తప్పినవాడికి శిక్ష వుండవలసిందే. కాని ఏప్రిల్‌లో లెక్క వేసుకున్న అభిమానికి జులైదాకా తన జట్టు ఏ స్థానంలో వుందో తెలియలేదు. మిగిలిన ఆటలు అయిపోయి వాయిదాలు మిగిలాయి.

ఇది ఒక మెట్టు. దీనికంటే పై మెట్టు మన హైదరాబాదు జట్టు కథ. 2024-25లో అది 13 జట్లలో 12వది. 24 ఆటల్లో 18 పాయింట్లు. ముందటి ఏడు ఎనిమిది వచ్చినవాళ్లకు పద్దెనిమిది వచ్చాయి కనక, పిల్లలు మళ్లీ కాగితాలు తీసి రాబోయే సీజనుకు అంచనాలు కట్టారు. 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు మారింది, రంగు మారింది, వూరు మారింది. మైదానంలో ఏ ఓటమివల్లా ఇది జరగలేదు. ఏ పట్టికలోనూ దీనికి సూచన లేదు. మూడున్నరేళ్లకిందట దేశంలోకెల్లా గొప్ప జట్టు అనిపించుకున్నది ఒక ప్రకటనతో మాయమయింది.

మనకు జరిగిన అన్యాయం చెప్పేటప్పుడు మన చేతికి అందిన లాభం దాచకూడదు. హైదరాబాదుకు ఆ జట్టు 2019లో ఎలా వచ్చింది? పుణె జట్టు మూతపడితే దాని చోటు మనకు వచ్చింది. ఆనాడు పుణెలో ఏ కుర్రవాడు తన కాగితం చించి పారేశాడో మనం అడగలేదు. అదే 2019లో ఢిల్లీ జట్టు భువనేశ్వరం పోయి ఒడిశా జట్టయింది. ఆ ఢిల్లీవాళ్ల లోటు 2025లో హైదరాబాదు జట్టుతో తీర్చారు. పుణెది హైదరాబాదుకు, ఢిల్లీది భువనేశ్వరానికి, హైదరాబాదుది ఢిల్లీకి. సంతలో చేతులు మారే పశువులకు కూడా కొత్త దొడ్డికి అలవాటుపడటానికి కాస్త వ్యవధి ఇస్తారు.

మా సంతకు ఒడిశా వైపునుంచి బట్టలు తెచ్చే ఒకాయన వున్నాడు. ఆయన ఒడిశా జట్టు అభిమాని. 2025 మార్చిలో ఆయన లెక్క చాలా సున్నితమైనది. ఒడిశా తన 24 ఆటలూ ముగించి 33 పాయింట్లతో కూర్చుంది. ఆరో స్థానంలోకి వస్తే పై దశకు వెళుతుంది. ముంబైకి కూడా 33 వున్నాయి గాని ఒక ఆట మిగిలివుంది, బెంగళూరుతో, బెంగళూరులో. ముంబైకి ఒక్క పాయింటు చాలు. తన జట్టు ఇక బంతి ముట్టదు. అయినా ఆశ వుంది, అది ఎదటివాళ్ల కాళ్లమీద వుంది. మార్చి 11న ముంబై 2-0తో నెగ్గింది. ఆ తరవాత వచ్చినప్పుడు ఆయన బట్టలు పరుస్తూ, "బాగా తేలిపోయింది గురువుగారూ," అన్నాడు. ఓడిపోయినవాడి నోట "బాగా తేలిపోయింది" అనే మాట ఎంత విలువైనదో చూడండి. ఆట తనను మోసం చెయ్యలేదని దాని అర్థం. హైదరాబాదు గురించి మా పిల్లలు ఆ మాట అనలేకపోయారు.

ఇక్కడ పాత హైదరాబాదు గురించి చెప్పకపోతే లోపం. 1950నుంచి 1954దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. భారత జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానానికి వచ్చినా, 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఏషియన్ గేమ్స్ స్వర్ణం తెచ్చినా, శిక్షకుడు ఆయనే. కాన్సరుతో బాధపడుతూనే జకార్తా వెళ్లిన ఆయన 1963 జూన్‌లో పోయాడు. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టి పెరిగిన తులసీదాస్ బలరాం ఆయన చేతికింద తయారైనవాడు.

ఆ రోజులు స్వర్ణయుగమని నేను అనటంలేదు. 1950లో హైదరాబాదు పోలీసు అన్న మాట వింటే తెలంగాణా రైతుకు ఫుట్‌బాల్ గుర్తురాదు. సాయుధపోరాటం అప్పటికింకా ముగియలేదు. ఆ పోలీసు శాఖ ప్రజలది కాదు, ఆ జట్టూ ప్రజల సొత్తు కాదు. కాని ఒక తేడా వుంది. ఆటగాడికి వుద్యోగం వుండేది, జట్టుకు వూరు వుండేది. ఒక ఏడు ఓడితే మరుసటి ఏడు అదే పేరుతో అదే మైదానంలో వుండేది. అభిమాని వేసుకునే లెక్కకు రేపు అనేది మిగిలేది. ఆ పాత వ్యవస్థను తిరిగి తెచ్చుకోవాలని కాదు. అది ఇచ్చిన ఆ కొద్దిపాటి స్థిరత్వం కూడా కొత్త వ్యవస్థ ఎందుకు ఇవ్వలేకపోతున్నదని ప్రశ్న.

పెట్టుబడి పెట్టినవాడికి తన సొమ్ముమీద హక్కు లేదా అంటారు. వుంది. కాని జట్టు విలువ ఎక్కడనుంచి వస్తుంది? బంతికి, బూట్లకు, కాంట్రాక్టు కాగితాలకు అంత వెల లేదు. లక్షలమంది దాన్ని "మనది" అనుకోవటంవల్ల ఆ వెల వస్తుంది. ఆ వెల సృష్టించినవాళ్లకు దానిలో వాటా లేదు, మాట లేదు. కర్మాగారం విషయంలో మనకు తెలిసిన సూత్రమే ఇది. ఆట దగ్గరకు వచ్చేసరికి మాత్రం మనం దాన్ని మరిచిపోయి, అభిమానిని వెర్రివాడంటాం.

దారి లేదనటానికి వీల్లేదు. జర్మనీలో 1998నుంచి ఒక నియమం వుంది: క్లబ్బు వ్యాపారం ఏ కంపెనీ చేతిలో వున్నా, కొద్ది మినహాయింపులు పోను, సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలోనే వుండాలి. లండనులో వింబుల్డన్ జట్టును వేరే వూరికి తరలించటానికి 2002లో అనుమతి ఇస్తే, అభిమానులు అదే ఏడు కొత్త జట్టు పెట్టుకున్నారు. అట్టడుగు తరగతులనుంచి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎక్కి 2011లో దేశపు ప్రధాన లీగు శ్రేణుల్లో చేరారు. తొమ్మిదేళ్లు పట్టింది.

ఈ కొండల్లో దీనికి దగ్గరి పోలిక ఒకటి వుంది. ఇక్కడి గిరిజనుడి భూమి గిరిజనేతరుడు కొనకూడదని 1/70 చట్టం చెబుతుంది. షెడ్యూల్డు ప్రాంతాల భూములను ప్రైవేటు కంపెనీలకు గనులకోసం లీజుకివ్వటం చెల్లదని సమతా కేసులో సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. ఆ చట్టానికి ఎన్ని తూట్లు పొడుస్తున్నారో ఇక్కడ పనిచేసేవాళ్లకు తెలుసు. అయినా కొన్ని వస్తువులు అమ్మకానికి లేవు, వాటితో బతుకు ముడిపడివుంది అనే సూత్రం కాగితంమీదనైనా వుంది. జట్టు భూమి కాదు, అది పోతే ఎవరూ పస్తుండరు. కాని సూత్రం ఆ చిన్న విషయానికి కూడా పనికివస్తుంది.

రోగిని డోలీలో మోసుకురావలసిన వూళ్లున్న మన్యంలో కూర్చుని ఫుట్‌బాల్ జట్టు గురించి ఇంత బాధేమిటని మిత్రులు అడగవచ్చు. రెండు బాధలూ ఒకే కొలతవి కావని నాకూ తెలుసు. అయితే పిల్లవాడు లోకాన్ని నేర్చుకునేది పెద్ద సమస్యలతో కాదు, తనకు ఇష్టమైన చిన్న విషయాలతో. కష్టపడి, నిజాయితీగా ఆలోచించి వేసిన లెక్కకు లోకంలో విలువ వుందని వాడు మొదట ఇలాంటి చోటనే నమ్ముతాడు. లెక్క ఎలా వేసినా తేల్చేవాళ్లు వేరే గదిలో వున్నారని తెలిస్తే వాడు లెక్క వేయటమే మానుకోవచ్చు. అలా మానుకున్నవాడు రేపు రోడ్డు గురించీ, ఆస్పత్రి గురించీ కూడా లెక్క వేయడు. "మన చేతుల్లో ఏముంది" అంటాడు. పాలకులకు కావలసిన మాట అదే.

2025-26 సీజను మామూలుగా మొదలు కావలసిన సమయానికి మొదలే కాలేదు. లీగు నడిపే హక్కుల ఒప్పందం తెగక నెలలు గడిచి 2026 ఫిబ్రవరిలో, ఒక్కో జట్టుకు పదమూడే ఆటలతో మొదలయింది. మా పిల్లల్లో ఒకడు ఒడిశా పక్షం చేరాడు. బట్టలాయన వాణ్ణి మేనల్లుడన్నాడు. ఇంకొకడు ఏ జట్టూ వద్దన్నాడు. ఆ రెండోవాడి మాటే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. లెక్కల మాస్టారు వాడికి ఒక పని అప్పగించారు: జట్టు ఏయే చేతులు మారిందో, ప్రతిసారీ ఎవరిని అడిగారో, ఎవరిని అడగలేదో ఒక పట్టిక వెయ్యమని. వాడు వేశాడు. "అడిగినవారు" అనే గడిలో అభిమానుల పేరు ఎక్కడా రాలేదు. ఆ పట్టిక కింద వాడంతట వాడే ఇంకొక వరస గీసి మా మండలంలో ఎవరినీ అడగకుండా జరిగిన పనులు రాయటం మొదలుపెట్టాడు.

ఉపాధ్యాయులు చేయగలిగింది ఇంతే కావచ్చు, కాని ఇది తక్కువ కాదు. అభిమానాన్ని ఎగతాళి చెయ్యకుండా, అందులోని ఆలోచనను పట్టుకుని దాన్ని మైదానం బయటికి నడిపించాలి. లెక్క వేయటం నేర్చినవాడు ఏదో ఒకనాడు లెక్క అడగటం కూడా నేరుస్తాడు.